తుపాను కాలానికి ముందు క్లౌడ్ బ్యాకప్‌ని ఒకసారి వెనక్కి తెచ్చి చూడండి

అక్టోబరు దగ్గర పడుతోందంటే విశాఖలో ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటారు, డాబా మీద వదులుగా ఉన్న రేకులు కట్టేసుకుంటారు. ఆఫీసు లెక్కల సంగతికొచ్చేసరికి "క్లౌడ్‌లో ఉన్నాయి కదా" అనేసి ఊరుకుంటారు. ఎక్కడో ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న సర్వర్‌కి మన గాలివాన తగలదు, నిజమే. తెగేది ఇక్కడి దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలాచోట్ల కరెంటు, మొబైల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు బ్యాకప్ ఖాతా తెరవాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీ రావాలంటే టవర్ బతికుండాలి.

అందుకని ముందుగా తాళాల పని చూడండి. ఖాతా సెట్టింగుల్లో ఒక్కసారికే పనిచేసే రికవరీ కోడ్‌లు ఇస్తారు. వాటిని ప్రింటు తీయండి. ఓటీపీని ఎస్ఎంఎస్ నుంచి అథెంటికేటర్ యాప్‌కి మార్చండి, అది సిగ్నల్ లేకపోయినా నంబరు చూపిస్తుంది. బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే (పాస్‌వర్డు లేనిదే ఎవరూ చదవలేకుండా మార్చే) సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని పాస్‌వర్డు వేరే ఉంటుంది. రెస్టిక్ లాంటి వాటిలో అది పోతే తయారు చేసినవాళ్లు కూడా ఏమీ చేయలేరు. ఆ పాస్‌వర్డు ఉన్న ఏకైక కాపీ అదే సర్వర్‌లోని నోట్‌ప్యాడ్ ఫైలులో ఉండటం మామూలుగా జరిగే పొరపాటే. కాగితం మీద రాసి ఒకటి ఆఫీసు బీరువాలో, ఇంకొకటి వేరే ఊళ్లో నమ్మకస్తుల దగ్గర పెట్టండి.

క్లౌడ్ బిల్లు సంగతీ చూసుకోండి. ఆటోపే మొత్తం 15,000 రూపాయలు దాటితే చాలా చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. కార్డు గడువు తీరినా ఆటోపే నిలిచిపోతుంది. బిల్లు ఆగితే అప్‌లోడ్ ఆగుతుంది, హెచ్చరిక మాత్రం ఎవరూ చూడని మెయిల్‌కి వెళ్తుంది.

ఇక అసలు పరీక్ష. పచ్చ టిక్కు కనిపించిందంటే ఫైళ్లు పైకి వెళ్లాయని మాత్రమే అర్థం, అవి తెరుచుకుంటాయని కాదు. ట్యాలీ గానీ డేటాబేస్ గానీ నడుస్తుండగా దాని ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో పట్టుబడవచ్చు. ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఆ ఫైలుని పైకి పంపండి. తర్వాత వేరే కంప్యూటర్‌లో, వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, కంపెనీ తెరిచి, నిన్నటి చివరి వోచర్ కనిపిస్తోందా చూడండి. పాత ఫోల్డర్ మీదికే రీస్టోర్ చేస్తే, బ్యాకప్‌లో తేడా ఉన్నప్పుడు రెండూ పోతాయి.

పరీక్షలో పట్టిన సమయం రాసిపెట్టుకోండి. 500 జీబీ డేటా 100 ఎంబీపీఎస్ లైనులో దిగడానికి లెక్క ప్రకారమే 11 గంటలు. ఫోన్ హాట్‌స్పాట్ మీద 10 ఎంబీపీఎస్ వస్తే నాలుగున్నర రోజులు. చవక అని అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో పెట్టుంటే, డౌన్‌లోడ్ మొదలయ్యే ముందే మామూలు పద్ధతిలో 12 గంటలు, బల్క్ పద్ధతిలో 48 గంటల దాకా ఆగాలి. అందుకే ఈ నెల లెక్కలు, జీతాల పట్టీ, జీఎస్టీ ఫైళ్లు వేరుగా ఒక చిన్న హార్డ్‌డిస్క్‌లో ఉండాలి.

డ్రైవ్‌లో సింక్ అయ్యే (ఇక్కడి మార్పు వెంటనే అక్కడా జరిగే) ఫోల్డర్‌ని బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ చెడిన ఫైలు అక్కడా చెడుతుంది. తప్పు తెలిసిన క్షణమే సింక్ ఆపి, పాత వెర్షన్ల కోసం వెతకండి. తుడిచేసిన ఫైళ్లయితే గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు, ఆఫీసు ఖాతా వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో సాధారణంగా 93 రోజులు మాత్రమే ఉంటాయి.

పరీక్షలోనే బ్యాకప్ నిల్వ దెబ్బతిన్నట్టు తేలితే కంగారుపడి ఏదీ తుడవొద్దు. పాత వాటిని ఏరి పారేసే షెడ్యూల్‌ని ముందు ఆపండి. దెబ్బతిన్న నిల్వ మీద అది నడిస్తే బాగున్న డేటా ముక్కలూ పోవచ్చు. వీలైతే నిల్వ మొత్తానికి ఇంకో కాపీ తీయండి. రెస్టిక్ అయితే, అప్‌లోడ్ మధ్యలో కరెంటు పోయినప్పుడు నిల్వ మీద పాత తాళం (లాక్) మిగిలిపోతుంది. ఇంకే యంత్రమూ బ్యాకప్ చేయడం లేదని చూసుకున్నాకే అన్‌లాక్ ఆదేశం ఇవ్వండి. ఆ తర్వాత చెక్ ఆదేశం. మామూలు చెక్ అమరికనే చూస్తుంది, లోపలి డేటాని చదవదు. డేటాలో కనీసం 5 శాతాన్నైనా చదివించి చూడండి. లోపం సూచికలోనే (ఏ ముక్క ఎక్కడుందో చెప్పే జాబితాలోనే) ఉంటే రిపేర్ ఇండెక్స్ ఆదేశం సరిపోతుంది. ముక్కలే పోయి ఉంటే, అసలు ఫైళ్లు కంప్యూటర్‌లో ఇంకా ఉన్నంతవరకు, సూచిక సరిచేశాక మళ్లీ ఒక బ్యాకప్ నడిపితే పోయిన ముక్కలు పైకి వెళ్తాయి. అందుకే నిల్వ కుదుటపడేదాకా పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయకండి. స్నాప్‌షాట్ల (ఒక్కో బ్యాకప్‌కి తీసిన నకళ్ల) రిపేర్ చివరి మెట్టు: దొరకని భాగాలను అది వదిలేసి మిగతాదే ఉంచుతుంది.

వాతావరణ శాఖ తుపాను గురించి తొలి సమాచారం 72 గంటల ముందు, తర్వాతి హెచ్చరికలు 48, 24 గంటల ముందు ఇస్తుంది. మొదటిది రాగానే పూర్తి బ్యాకప్ మొదలుపెట్టండి. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కంటే తక్కువగా ఉండొచ్చు. రెండో దానికి హార్డ్‌డిస్క్ కాపీ. మూడోది వచ్చాక కొత్త పని ఏదీ మొదలుపెట్టకుండా సర్వర్‌ని సరిగ్గా షట్‌డౌన్ చేసి, ప్లగ్గులు, నెట్ కేబుల్ పీకేయండి. కింది అంతస్తు అయితే సీపీయూని నేల మీద నుంచి టేబుల్ ఎక్కించండి.

హార్డ్‌డిస్క్‌ని సిలికా జెల్ సంచులు రెండు వేసి జిప్ కవర్లో మూయండి. బీచ్ రోడ్డు వైపు, ఎంవీపీ కాలనీలో ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు తొందరగా పచ్చబడతాయి. ఏసీ గదిలోంచి తీసిన డిస్క్‌ని ఉక్కపోత గదిలో వెంటనే గుచ్చకుండా, కవర్లోనే అరగంట వదిలేయండి. కరెంటు తిరిగొచ్చిన మొదటి గంటల్లో వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంటుంది. స్టెబిలైజర్ గానీ యూపీఎస్ గానీ లేకుండా సర్వర్ ఆన్ చేయొద్దు.