వానలు పడకముందే కారు ట్వీటర్ల కీచు తగ్గించుకోండి

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు వానాకాలంలో పాటలు చెవుల్లో గుచ్చుకుంటాయి. స్పీకర్లు పోయాయని కంగారు పడక్కర్లేదు. టైర్ల హోరు బేస్‌ని మింగేస్తుంది. అది వినపడాలని వాల్యూమ్ పెంచుతాం, తీరా పైకి తేలేది ట్రెబులే, అంటే ట్వీటర్లనే చిన్న స్పీకర్లు పలికే సన్నని స్వరాలే. అద్దాలన్నీ ఎత్తేసి ఉంటాయి కాబట్టి అది గాజుకి తగిలి మళ్ళీ మన మీదకే వస్తుంది. రాయగడ, గుణుపురం, జయపురం వైపు బండి నడిపేవాళ్ళు జూన్ రాకముందే, పొడిగా ఉన్న రోజు చూసి ఈ పని పెట్టుకోవాలి.

ముందు పైసా ఖర్చు లేనివి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ పెంచే లౌడ్‌నెస్ ఆపేయండి, బేస్, ట్రెబుల్ రెండూ సున్నాలో పెట్టండి. గొంతు స్పష్టంగా ఉన్న పాట వేసి వినండి. ‘స’, ‘శ’ దగ్గర బుస కొడుతుంటే 5–8 కిలోహెర్ట్జ్ మధ్య, గొంతూ సన్నాయీ అరిచినట్టుంటే 2–5 మధ్య ఎక్కువైందన్నమాట. ఈక్వలైజర్‌లో ఆ ఒక్క మీటనే 2–3 డెసిబెల్స్ దించండి. ట్రెబుల్ మొత్తం తగ్గిస్తే పాట చప్పబడిపోతుంది.

వాల్యూమ్ పెంచినప్పుడే గీరుతోందా? అయితే తప్పు చాలావరకు ఆంప్ (యాంప్లిఫయర్) గెయిన్‌ది, అంటే స్టీరియో సిగ్నల్‌ని అది ఎంత పెంచాలో చెప్పే మీటది. స్టీరియోని ముప్పావు వాల్యూమ్‌లో ఉంచి, గెయిన్ అట్టడుగు నుంచి మెల్లగా తిప్పుతూ రండి. గొంతు చిట్లే చోట ఆగి కాస్త వెనక్కి తేవాలి. ఇది వదిలేసి ట్వీటర్లు మార్చినా కొత్తవీ కాలిపోవచ్చు.

డాష్‌బోర్డ్ మీద ట్వీటర్ ముందద్దానికి ఎదురుగా ఉంటే దిశ మార్చండి. డబుల్ టేప్‌తో అతికించి రెండు మూడు కోణాల్లో విన్నాకే స్క్రూ బిగించండి. ముందద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే అక్కడ వైరూ వద్దు, స్క్రూ వద్దు.

ఇంకా తగ్గకపోతేనే ట్వీటర్‌కి వెళ్ళే కరెంటుని తగ్గించే రెసిస్టర్లు. చాలా షాపుల్లో ఒకే రెసిస్టర్ వరసలో వేసి పంపేస్తారు, అక్కడే చెడుతుంది. 4 ఓమ్‌ల ట్వీటర్‌కి కింది స్వరాల్ని ఆపే కెపాసిటర్ 6.8 మైక్రోఫారడ్‌ది ఉంటే, ఆ కోత సుమారు 5,850 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. వరసలో 2 ఓమ్‌లు కలిపితే అది 3,900కి జారుతుంది. పై స్వరాలు తగ్గినంతగా కింది స్వరాలు తగ్గవు, గొంతు అరిచే చోట కీచు అలాగే మిగులుతుంది. అందుకని రెండు రెసిస్టర్లు కావాలి. కెపాసిటర్ తర్వాత వరసలో 1.2 ఓమ్‌లు, ట్వీటర్ రెండు కొసల మధ్య అడ్డంగా 10 ఓమ్‌లు. కెపాసిటర్‌కి కనిపించే లోడు 4 ఓమ్‌ల దగ్గరే నిలుస్తుంది కాబట్టి కోత జారదు, ధ్వని 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 వాట్ల సిమెంట్ రకం తీసుకోండి. అవి వేడెక్కుతాయి, స్పాంజికీ ప్లాస్టిక్‌కీ ఆనించకండి.

వైరు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఘాట్ కుదుపులకి ఊడిపోతాయి, టంకం వేసి స్లీవ్ తొడగండి. డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ చిరిగితే వాననీళ్ళు లోపలికి దిగుతాయి, వెంటనే బ్యూటైల్ టేపుతో మూసేయాలి. డోర్‌లో వైరు స్పీకర్‌కి చేరేముందు ఒక వంపు కిందికి వేలాడేలా ఉంచితే నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది.

చివరగా అద్దాలు ఎత్తి, బండి నడుస్తుండగా పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి వినమనండి. అప్పటికీ గుచ్చుకుంటే 1.2, 10 తీసేసి వరసలో 2.2, అడ్డంగా 3.9 ఓమ్‌లు వేయండి, 6 డెసిబెల్స్‌కి కాస్త పైనే తగ్గుతుంది.