పంచెకట్టు నేర్చుకుందాం – మూడవ పాఠం: గోచీ పోయడం

మొదటి పాఠంలో బట్ట ఎంపికను గురించీ, రెండవ పాఠంలో గంజి పెట్టడం, అడ్డపంచె కట్టడం గురించీ చెప్పుకున్నాము. అడ్డపంచె ఇంట్లో పూజకూ, పండుగ నాటి పలకరింపులకూ చాలును గాని, రథసప్తమి నాడు దేవుని కడపలో మోకు పట్టి రథం లాగేవారికీ, పెళ్లిపీటల మీద గంటల తరబడి కూర్చుని లేచే వరుడికీ అది పనికిరాదు. అడుగు కాస్త పెద్దదిగా పడితే దాని ముందు అంచులు విడిపోతాయి. కొన కాళ్ల నడుమ నుంచి వెనక్కి పోయి నడుముకు బిగిసినప్పుడే పంచె మనిషితో పాటు కదులుతుంది.

నాలుగు మూరల పంచెకు గోచీ రాదు. ఎనిమిది మూరలది సన్నని నడుము గలవారికి సరిపోతుంది. మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా ఒక మూర, అంటే సుమారు 18 అంగుళాలు. అంగళ్లలో ‘తొమ్మిది–అయిదు’ అని అడిగితే తొమ్మిది మూరల పంచె, అయిదు మూరల ఉత్తరీయం ఇస్తారు. ఆ పంచె నాలుగు మీటర్ల పైచిలుకు ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో పట్టుపంచె జోలికి పోవద్దని నా సలహా. పట్టు జారుతుంది, నూలు నూలును పట్టుకుంటుంది. ఒకసారి ఉతికి, పలుచగా గంజి పెట్టిన నూలు పంచె అన్నిటికన్నా మేలు. గంజి ఎక్కువైతే ముడి గడ్డకట్టినట్లు ఉబ్బి, కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటాయి.

పంచెను వీపు వెనుక నుంచి తెచ్చి, రెండు కొనలూ ముందుకు చాచి, రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. కాళ్లు మూరెడు ఎడంగా ఉంచండి. పై అంచును బొడ్డు దగ్గరకు లాగి, రెండు వైపుల నుంచీ పిడికెడు బట్ట తీసుకుని ఒకే ఒక్క ముడి వేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు: కడుపు లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి ముడి వేస్తారు. ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి నేను అలాగే కట్టుకుని వెళ్లి, విస్తరి ముందు కూర్చున్నాక రెండో వడ్డనకే ముడి వదులు చేసుకోవలసి వచ్చింది. కడుపును మామూలుగా వదిలి, సగం ఊపిరి మీద వేసిన ముడి భోజనానికీ, సాష్టాంగ నమస్కారానికీ కూడా నిలుస్తుంది.

ఇప్పుడు ఎడమ కొన పట్టుకోండి. దాని నిలువు అంచును పైనుంచి కింది దాకా నాలుగు వేళ్ల వెడల్పున ఒకదాని మీద ఒకటిగా మడవండి. ఆ మడతల కట్టను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసుకుని, వెన్నెముక మీదుగా పైకి లాగి, నడుము దగ్గర నాలుగు వేళ్ల లోతున దోపండి. దోపే ముందు మోకాళ్లు కాస్త వంచడం మరువకూడదు. నిటారుగా నిలబడి బిగించిన గోచీ కూర్చోగానే ఊడి వస్తుంది, లేదా తొడలను కోస్తుంది. వంగి దోపితే మిగిలే వదులు ఎడమకాలి మీద మెత్తగా జారి, కింది అంచు చీలమండను తాకుతుంది. ఆ అంచు ఎక్కడ ఆగిందో చూసే పెద్దలు కట్టు మంచిచెడ్డలు చెబుతారు.

కుడి కొన పని తేలిక. చివరి జరీ అంచు పైకి కనిపించేలా కుచ్చిళ్లు పోసి, ముడిని కప్పుతూ బొడ్డు దగ్గర దోపితే చాలు. కుచ్చిళ్లు ఏడా, తొమ్మిదా అనే చర్చ నడుము చుట్టుకొలత తేలుస్తుంది. కొన్ని ఇళ్లలో కుడి కొనను వెనక్కి పంపి, ఎడమ దానికి కుచ్చిళ్లు పోస్తారు. మీ ఇంటి ఆచారం అదైతే దానినే పాటించండి. బెల్టు మాత్రం పెట్టుకోవద్దు. బెల్టుకు అలవాటుపడిన చేతికి ముడి బిగువు ఎన్నటికీ తెలియదు. అంటుపట్టీ (వెల్క్రో)తో వచ్చే తయారీ పంచెల మీదా నాకు ఇదే అభ్యంతరం, అయిదేళ్ల పిల్లలకైతే అవే నయమని ఒప్పుకుంటాను.

వారం రోజుల పాటు రోజుకొకసారి కట్టి, పదిసార్లు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవండి, మేడమెట్లు ఎక్కి దిగండి. వెనుక దోపు జారితే మడతలు పలుచగా ఉన్నాయని, ముందు కుచ్చిళ్లు జారితే ముడి వదులుగా ఉందని అర్థం. ఎడమ అంచు నేల ఊడుస్తుంటే ముడి విప్పి మొదటి నుంచి కట్టవలసిందే. పైనుంచి లాగి సర్దితే అది నాలుగు అడుగులకే మళ్లీ కిందికి వస్తుంది. ఉత్తరీయాన్ని నడుముకు చుట్టడం, భుజాన వేయడం నాలుగవ పాఠంలో చూద్దాము.