తులిప్ పువ్వు తుంచాలి, ఆకు ఉంచాలి

శ్రీనగర్‌లో జబర్వన్ కొండల దిగువన, దాల్ సరస్సుకు ఎదురుగా ఉన్న తులిప్ తోటను చూడదలచినవారు మార్చి చివరి నుండి ఏప్రిల్ మధ్యలోగా వెళ్లడం మేలు. పూత మొత్తం కలిపినా నాలుగు వారాలకు మించి నిలవడం అరుదు. పూత ముగిశాక అనుసరించవలసిన పద్ధతి మన పెరటి లిల్లీ దుంపలకూ వర్తిస్తుంది: వాడిన పువ్వును కాయ కట్టకముందే తుంచాలి గానీ, ఆకులు పసుపుబారి వాటంతట అవే ఎండేవరకు కోయకూడదు, ఎందుకంటే మరుసటి పూతకు కావలసిన ఆహారాన్ని దుంప ఆ ఆకుల ద్వారానే కూడబెట్టుకుంటుంది. హైదరాబాదులో తులిప్ పెంచాలనుకునేవారు దుంపలను నాటేముందు సుమారు 12 వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలి (మన ఎండల్లో వాటికి రెండో ఏడాది పూత ఆశించడం అత్యాశే). ఆ అరలో ఆపిల్ పళ్లు మాత్రం పెట్టకండి. వాటినుండి వెలువడే ఇథిలీన్ వాయువు దుంపలోని మొగ్గను పాడుచేస్తుంది.