అద్దె కారు పాఠాలు - 3: తాళం చేతికొచ్చాక మొదటి పది నిమిషాలు

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. సెల్ఫ్ డ్రైవ్ కార్లు, అంటే డ్రైవర్ లేకుండా మనమే నడుపుకునే అద్దె కార్లు ఇచ్చే మూడు చోట్ల అగ్రిమెంట్ అడిగి తెచ్చుకుని, అందులో డ్యామేజ్ అన్న మాట కనిపించినచోటల్లా గీత గీయమన్నాను. "ముందు బుక్ చేయండి సార్, కారు తీసుకునేటప్పుడు సంతకం పెడుదురు గానీ" అని ఎవరైనా అని ఉంటే ఆ పేరు కొట్టేయండి. చదవనివ్వని కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లతో రేపు గొడవ వస్తే మాట్లాడటానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

మిగిలినవాళ్లలో నంబర్ ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న పెట్రోలు, డీజిలు కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, సొంత కారుకి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. ఇలా కార్లు అద్దెకిచ్చేవాళ్లకి 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ స్కీమ్ కింద లైసెన్స్ కావాలంటే కనీసం 50 కార్లుండాలని షరతు. నాలుగైదు కార్లున్నవాళ్లకి అది అందేది కాదు కాబట్టి తెల్ల ప్లేటు కార్లే అద్దెకి తిప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. అద్దె తక్కువే, మనిషి కూడా మంచివాడే కావచ్చు. చిక్కు ఇన్సూరెన్స్ దగ్గర వస్తుంది. సొంత కారు పాలసీలో అద్దెకి తిప్పితే చెల్లదని రాసి ఉంటుంది. కారుకి ఏదైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు, అప్పుడు ఓనరు ఆ మొత్తం ఎవరి దగ్గర వసూలు చేసుకుంటాడు? మీ దగ్గరే. పైగా పర్మిట్ లేకుండా తిప్పినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192ఏ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా ఉంది, అది నడిపినవాడికీ వర్తిస్తుంది.

అగ్రిమెంట్‌లో నేను వెతికేవి మూడే. డ్యామేజ్ అయితే నేను కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంత? రిపేరు లెక్క ఎవరు వేస్తారు, సర్వీస్ సెంటర్ బిల్లు ఇస్తారా, వాళ్ల షెడ్డులో నోటిమాటేనా? కారు షెడ్డులో ఉన్నన్ని రోజులకీ అద్దె నేనే కట్టాలా? ఈ మూడోది చాలామంది చూడరు. బంపర్ రిపేరుకి నాలుగు వేలు, కారు ఆగిపోయిన రోజులకి ఆరు వేలు అని బిల్లు వచ్చాక అప్పుడు చూస్తారు.

ఇక అసలు పాఠం.

నా పొరపాటుతో మొదలుపెడతాను. ఒకసారి శ్రీశైలం వెళ్లాం. దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు కదా, గేటు తీసేసరికి అక్కడుండాలని తెల్లవారుజామున మూడున్నరకే కారు తీసుకున్నాం. హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు ఒక సెల్లార్. ఒకే ట్యూబులైటు, నిద్రమత్తులో వాచ్‌మన్. అప్పుడే కడిగిన కారు తళతళలాడుతోంది. నాలుగు పక్కలా నాలుగు ఫొటోలు తీశాను, అయిపోయిందనుకున్నాను. తిరిగి ఇచ్చిన రోజు వాళ్ల కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని ముందు బంపర్ కింది అంచు చూపించాడు. నల్లగా, అరచేతి పొడవున గీసుకుపోయి ఉంది. మేం చేసిందో, అంతకుముందే ఉందో ఈ రోజుకీ నాకు తెలియదు. డిపాజిట్‌లోంచి 6,500 పోయాయి. నా నాలుగు ఫొటోల్లోనూ బంపర్ కింది అంచు లేదు.

కాబట్టి మొదటి సంగతి వెలుతురు, తడి. తడి కారు మీద సన్న గీతలు కనపడవు, దుమ్ము పట్టిన కారు మీదా కనపడవు. ఒక పాత గుడ్డ తీసుకెళ్లండి. కారు సెల్లార్‌లోంచి బయటికి తీయించండి. చీకటైతే ఫోన్ టార్చి ఎదురుగా కొట్టకుండా డోరుకి ఆనించినంత పక్కగా పట్టి వెయ్యండి. ఎదురుగా కొడితే సొట్ట మాయమవుతుంది, పక్కనుంచి వేస్తే నీడ పడి బయటపడుతుంది. డెంటింగ్ మేస్త్రీలు చూసేదీ ఇలాగే.

రెండోది, ఫొటోలకన్నా ముందు ఒకే వీడియో, మధ్యలో ఆపకుండా. నంబర్ ప్లేటుతో మొదలుపెట్టి, తేదీ, టైము, చోటు నోటితో చెప్పండి. లోపలికి వంగి కిలోమీటర్ల రీడింగ్, పెట్రోల్ ముల్లు, వెలుగుతున్న వార్నింగ్ లైట్లు చూపించండి. తర్వాత డ్రైవర్ డోరు దగ్గర మొదలుపెట్టి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ. పెద్ద డోర్ల మీద ఎక్కువసేపు ఉండక్కర్లేదు, గొడవలు ఎక్కువగా అంచుల దగ్గర పుడతాయి. బంపర్ల కింది భాగం, సైడు మిర్రర్ల వెనకవైపు, వీల్ అంచులు, సామాను ఈడ్చేచోట డిక్కీ గుమ్మం, కారు పైకప్పు. ముందు అద్దం మీద రాయి తగిలిన చిన్న చుక్క వైపర్ కింద దాక్కుంటుంది, వైపర్ ఎత్తి చూడండి. ఒకచోట రంగు పక్కదానికన్నా కొంచెం తేడాగా ఉంటే అది పాత టచప్. అదీ నోటితో చెప్పండి.

టైర్లకి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వమంటాను. మామూలు పాలసీలో కారుకి వేరే దెబ్బ లేకుండా టైరు ఒక్కటే పాడైతే ఇన్సూరెన్స్ రాదు. దెబ్బతో పాటు పాడైనా సగమే ఇస్తారు. అందుకే టైరు ఖర్చు అద్దెకి తీసుకున్నవాడి మీదకి నెట్టడం సులువు. టైరు పక్క భాగం (సైడ్‌వాల్) మీద కోతలు, ఉబ్బులు ఉంటే దగ్గరగా చూపించండి. దాని మీదే నాలుగంకెలుంటాయి: 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. ఆరేడేళ్ల టైరు దారిలో పేలితే, అది నేను నడపడంవల్ల పేలిందని నేను ఒప్పుకోను. బంపర్ సంగతీ కొంత ఇలాంటిదే. ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి మామూలు పాలసీ 50 శాతం తరుగు కోస్తుంది. ఆ తరుగు కోయని నిల్ డిప్రిసియేషన్ పాలసీ తీసుకోని అద్దె కంపెనీకి ఆ సగం ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి మరి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, స్పానర్ ఉన్నాయో లేదో చూడటం ఎలాగూ మరిచిపోరు.

మూడోది, బండి కదలకముందే పంపడం. వీడియో మీ ఫోన్‌లో ఉంటే చాలదు. కంపెనీ యాప్‌లోనో, వాళ్ల వాట్సాప్ నంబరుకో పెట్టి, కింద ఒక వాక్యం రాయండి: "కారు తీసుకునేటప్పటికే ఎడమ వెనక డోరు మీద గీత, ముందు బంపర్ కింద రాపిడి ఉన్నాయి." పెద్ద వీడియో వెళ్లకపోతే ఫొటోలు పంపండి. అసలు వీడియో డిలీట్ చేయకండి, వాట్సాప్‌లో వెళ్లిన కాపీలో తీసిన టైము వివరాలు పోతాయి. ఇదంతా చేస్తుంటే ఎదుటివాడు మొహం చిట్లిస్తాడు, వెనక సీట్లోంచి అత్తయ్య "ఇంక ఎంతసేపు నాయనా" అంటుంది. అననివ్వండి.

తిరిగి ఇచ్చేటప్పుడూ అదే వీడియో, అదే వరస. రాత్రి పదింటికి వాచ్‌మన్ చేతిలో తాళం పెట్టి వచ్చేయడం కన్నా, వీలుంటే మర్నాడు పొద్దున ఇవ్వడమే నయం. తప్పకపోతే తాళం ఇచ్చిన టైముతో ఒక మెసేజ్ పెట్టండి. ఈ-చలాన్లు తర్వాత వస్తాయి, అందులో గంట, నిమిషం ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు కెమెరాకి చిక్కింది మీరా, మీ తర్వాతివాడా అన్నది ఆ మెసేజే తేలుస్తుంది.

వచ్చే పాఠం డబ్బు కోసేశాక ఏం చేయాలన్నది: బిల్లు ఎలా అడగాలి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఏం చెప్పాలి, వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు ఎలా వెళ్లాలి. దానికి ముందు ఒక అభ్యాసం. పక్కింటి బాబాయి గారి కారు అడగండి. పైన చెప్పిన వరసలో ఐదు నిమిషాల్లోపు వీడియో తీయండి. తర్వాత ఆయన్నే కారు దగ్గర కూర్చోబెట్టి, తనకి తెలిసిన గీతలన్నీ చెప్పమనండి. ఆయన చెప్పినవాటిలో మీ వీడియోలో లేనివి ఎన్నో రాసిపెట్టుకోండి. నాకు మొదటిసారి ఏడు వచ్చాయి.