రోబోకు స్పర్శ నేర్పుదాం – 3వ పాఠం: పదహారు చుక్కలు, ఎనిమిది తీగలు

గత పాఠంలో వెలోస్టాట్ (కరెంటును కొంతవరకే పోనిచ్చే ప్లాస్టిక్ పొర) ముక్కను రెండు రాగి టేపుల మధ్య ఉంచి ఒక్క స్పర్శ బిందువును తయారుచేశాం. నొక్కితే దాని నిరోధం తగ్గడం మల్టీమీటర్‌లో చూశారు. అది మంచి మీట అయింది. చర్మం కావాలంటే ఎక్కడ తాకారో కూడా చెప్పగలగాలి.

పదహారు బిందువులకు రెండేసి తీగలు లాగితే ముప్పై రెండవుతాయి. అన్ని తీగలు చుట్టుకున్న చేయి ఇక వంగదు. అందుకే అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు పట్టీలు వేసి, అవి ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటునూ ఒక బిందువుగా వాడుకుంటాం.

రెండు పలుచని గుడ్డ ముక్కలు తీసుకుని, ఒక్కోదానిపై సెంటీమీటరు ఎడంతో నాలుగేసి రాగి టేపు పట్టీలు అంటించండి. రాగి వైపులు ఎదురెదురుగా ఉండేలా, పట్టీలు అడ్డం, నిలువు అయ్యేలా పెట్టి మధ్యలో వెలోస్టాట్ పరచండి. జిగురు అంచులకే రాయండి. రాగికీ వెలోస్టాట్‌కూ మధ్య జిగురు చేరితే ఆ బిందువు పనిచేయదు.

అడ్డు పట్టీలను ఆర్డ్యునో ఊనో అనే, ప్రోగ్రాంతో నడిచే చిన్న సర్క్యూట్ బోర్డులో 2 నుంచి 5 వరకు పిన్నులకు, నిలువు పట్టీలను ఏ0 నుంచి ఏ3 వరకు పిన్నులకు కలపండి. ప్రతి నిలువు పట్టీ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ప్రోగ్రాం ఒక అడ్డు పట్టీకి 5 వోల్టులు ఇచ్చి, నాలుగు నిలువు పట్టీలను చదివి, తరువాతి పట్టీకి వెళ్లాలి. చదివిన విలువ 0 నుంచి 1023 మధ్య వస్తుంది.

ఇక్కడ కాస్త నిదానించండి. చతురస్రంలో మూడు మూలలను ఒకేసారి నొక్కి చూస్తే, కొందరికి ఎవరూ తాకని నాలుగో మూల కూడా వెలుగుతుంది. వంతు రాని అడ్డు పట్టీలను ఎటూ కలపకుండా వదిలేయడమే దీనికి కారణం. కరెంటు నొక్కిన మూడు బిందువుల గుండా చుట్టూ తిరిగి వచ్చి, నాలుగో చోట స్పర్శ ఉన్నట్టు చూపిస్తుంది. పిల్లల పక్కన తిరగాల్సిన రోబో లేని స్పర్శను ఉన్నదనుకుని చేయి కదిపితే ఏమవుతుందో ఊహించండి. ఈ లోపాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లకండి.

ప్రోగ్రాంలో వంతు రాని అడ్డు పట్టీల పిన్నులన్నింటినీ అవుట్‌పుట్‌గానే (వోల్టేజీ ఇచ్చేవిగానే) ఉంచి, సున్నా వోల్టులకు కట్టేయండి. దారి తప్పిన కరెంటు గ్రౌండ్‌లోకి పోతుంది, దొంగ స్పర్శ మాయమవుతుంది. కానీ ఒకే నిలువు పట్టీపై రెండు చోట్ల నొక్కితే రెండు విలువలూ కొంత తగ్గుతాయి. ఎక్కడ తాకారో తెలిస్తే చాలనుకునే మన పనికి అది అడ్డు కాదు. బరువు తూచాలంటే మాత్రం ఈ సర్క్యూట్ చాలదు.

2019లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 548 సెన్సార్లతో తయారుచేసిన చేతి తొడుగులోనూ ఒత్తిడికి స్పందించే పొరకు రెండు వైపులా అడ్డంగా, నిలువుగా దారాలు వేసే పద్ధతే ఉంది. వాళ్లు రాగి టేపుకు బదులు విద్యుత్ ప్రవహించే దారం వాడారు. దానికైన సామగ్రి ఖర్చు సుమారు 10 డాలర్లే.

అభ్యాసం: మీ చర్మాన్ని నీళ్ల సీసాకు చుట్టండి. వంపు వల్ల ఎవరూ తాకకుండానే కొన్ని బిందువుల విలువలు పెరుగుతాయి. పదహారింటినీ రాసిపెట్టుకోండి, 4వ పాఠంలో వాటిని తీసివేసే ప్రోగ్రాం రాద్దాం.