డాలస్ పెరట్లో పామ్ చెట్లు: చలికి ఆగేవి ఏవి, ఎలా నాటాలి, ఎలా కాపాడుకోవాలి

డాలస్ చుట్టుపక్కల పామ్ చెట్టు కొనేవాళ్లు మొదట చూసేది జోన్ నంబరు. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) విడుదల చేసిన చలి జోన్ల మ్యాపు ప్రకారం ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాలు 8ఏ, 8బీ జోన్లలోకి వస్తాయి. అంటే ఏడాది మొత్తంలో అతి చల్లటి రాత్రి సగటున 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుందని లెక్క (ఇకపై చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే). ఈ లెక్క 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్ల సగటు. 2021 ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) విమానాశ్రయంలో నమోదైన మైనస్ 2 (సెల్సియస్‌లో మైనస్ 19) అందులో కలవలేదు. సగటు చూసి కొన్న చెట్టు అలాంటి ఒక్క రాత్రికే పోతుంది.

కాబట్టి ఇంటి ముందు, స్విమ్మింగ్ పూల్ పక్కన, అంటే చెట్టు పోతే బోసిగా కనబడే చోట్లలో దుప్పటి కప్పకపోయినా బతికే జాతులే పెట్టాలి. సరదా పడి తెచ్చుకునే నాజూకు జాతులు దక్షిణపు గోడ పక్కన, చిన్న నిచ్చెన వేస్తే మొవ్వుకు (చెట్టు నడినెత్తిన కొత్త ఆకు పుట్టే చోటుకు) చెయ్యి అందే ఎత్తులో ఉండాలి. పాతిక అడుగులు పెరిగాక వాటిని కప్పేదీ లేదు, కరివేపాకు కుండీలా గ్యారేజీలోకి లాక్కెళ్లేదీ లేదు.

ఏది కొనాలి

అన్నిటికన్నా మొండివి రెండు: నీడిల్ పామ్, సబల్ మైనర్. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర కూడా ఈ రెండూ బతుకుతాయి. రెండూ పొదలే, ఎత్తుగా మాను కట్టవు. నీడిల్ పామ్ ఐదారు అడుగుల గుబురుగా పెరుగుతుంది, మధ్యాహ్నం నీడ ఉంటే బాగా పచ్చగా ఉంటుంది. మట్టల మొదట్లో జానెడు పొడవు సూదులుంటాయి కాబట్టి పిల్లలు తిరిగే దారి పక్కన వద్దు. సబల్ మైనర్ ఈ నేలకు పరాయిది కాదు, తూర్పు టెక్సస్‌లోనూ ఓక్లహోమా ఆగ్నేయాన మెకర్టన్ కౌంటీలోనూ అడవిలో దానంతటదే మొలుస్తుంది. మెకర్టన్ విత్తనం నుంచి పెంచినవి నర్సరీలో దొరికితే వాటినే తీసుకోండి. బంకమట్టి, తడి, ఎండ, కరువు దేనికీ అది లొంగదు. ఒకటే ఇబ్బంది, నత్తనడక.

మాను కట్టి పైకి లేచే చెట్టు కావాలంటే విండ్‌మిల్ పామ్. మాను చుట్టూ గోధుమరంగు పీచు చుట్టుకుని సన్నగా పెరుగుతుంది, ఆకుల విస్తారం ఏడెనిమిది అడుగులకు మించదు కాబట్టి చిన్న పెరళ్లకు సరిపోతుంది. 10 డిగ్రీల దాకా పెద్దగా దెబ్బ తినదు, 5 దగ్గర ఆకులు మాడతాయి. 2021లో కొన్ని చనిపోయాయి, కొన్ని ఆకులన్నీ పోగొట్టుకుని మళ్లీ మొవ్వు వేశాయి. టెక్సస్ సాయంత్రపు ఎండ దీనికి పడదు, ఇంటికి తూర్పు వైపు మంచిది.

భారీ చెట్టు కావాలంటే సబల్ మెక్సికానా, సబల్ పామెట్టో, లేదా దొరికితే సబల్ బ్రజోరియెన్సిస్. ఏడు గ్యాలన్ల కుండీలో కొన్న సబల్ మాను కనబడేసరికి ఏళ్లు పడుతుంది. ఓపిక లేక పొలంలో తవ్వి తెచ్చిన పెద్ద పామెట్టో కొంటే దాని వేళ్లన్నీ తెగి ఉంటాయి, కొత్త వేళ్లు మాను మొదటి నుంచే రావాలి. మొదటి చలికాలం దాన్ని నాజూకు చెట్టుగానే చూసుకోవాలి.

పిండో పామ్, మెడిటరేనియన్ ఫ్యాన్ పామ్ 10 నుంచి 15 మధ్య తడబడతాయి. గోడ పక్కన పెట్టి కప్పుకునేవాళ్లకే. పైగా పిండోకు క్షారం ఎక్కువున్న మన మట్టిలో ఇనుము అందక కొత్త ఆకులు పాలిపోతాయి.

వసంతంలో పెద్ద దుకాణాల ముందు చవగ్గా వరసలు కట్టి ఉండేది మెక్సికన్ ఫ్యాన్ పామ్, అంటే వాషింగ్టోనియా రోబస్టా. చకచకా పెరుగుతుంది, 20 దిగితే మాడుతుంది, 2021లో టెక్సస్ అంతటా మోడుగా మిగిలిన ఎత్తైన మానుల్లో ఎక్కువ భాగం ఇదే. దాని దగ్గరి చుట్టం ఫిలిఫెరా కొంత గట్టిది. చీటీలను నమ్మకుండా మట్ట మొదలు చూడండి: ఎర్రటి ఛాయ, దగ్గరదగ్గరగా ముళ్లు, సన్నటి మాను ఉంటే రోబస్టా రక్తమే. సబల్ మట్టకు ముళ్లే ఉండవు, ఈనె ఆకు మధ్యలోకి చొచ్చుకుపోయి ఆకును వంచుతుంది. ఇక ‘సిల్వెస్టర్ పామ్’ అని ఖరీదుగా అమ్మేది మన ఊళ్ల ఈత చెట్టే. ఊరు గుర్తొచ్చి కొనబుద్ధవుతుంది కానీ 20 డిగ్రీలకే దాని ఆకులు కాలిపోతాయి. డాలస్‌లో అది డబ్బు దండగ.

చోటు, మట్టి

చాలా కాలనీల్లో ముందు పెరట్లో చెట్టు పెట్టాలంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కావాలి, చెట్టు కొనకముందే ఫారం పెట్టండి. తవ్వడానికి కనీసం రెండు పని దినాల ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లకు ఉచితంగా గుర్తులు వేస్తారు. వెనక కంచె పక్కన యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, గ్యాస్ లాంటి లైన్ల కోసం కేటాయించిన చోటు) ఉందేమో మీ స్థలం సర్వే పటంలో చూసుకోండి.

విండ్‌మిల్‌కు గోడ నుంచి ఆరడుగులు, సబల్ పామెట్టోకు ఎనిమిది అడుగులు వదలాలి. దక్షిణం వైపు ఇటుక గోడ పగటి వేడిని రాత్రి వదులుతుంది. ఉత్తరపు గాలి నేరుగా తగిలే మూలలు, నీరూ చల్లగాలీ జారి నిలిచే పల్లం తప్పించండి.

ఇక్కడి మట్టి బ్లాక్‌ల్యాండ్ నల్లమట్టి. అచ్చంగా నల్లరేగడి: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, చలికాలపు వానలకు వారాల తరబడి తడిగా ఉంటుంది. డాలస్‌లో పామ్‌లను చంపేది చలి ఒక్కటే అనుకుంటారు. చల్లటి తడిమట్టిలో ముందే వేళ్లు కుళ్లిన చెట్టు మామూలు చలికి కూడా పోతుంది. ముందు పరీక్ష చేయండి: అడుగు లోతు గుంత తవ్వి నీళ్లు నింపి ఇంకనివ్వాలి. రెండోసారి నింపి గంటలో ఎంత దిగిందో కొలవాలి. అంగుళం కన్నా తక్కువ దిగితే అక్కడ గుంత తీయకుండా 12 నుంచి 18 అంగుళాల ఎత్తు, ఆరడుగుల వెడల్పు మట్టిదిబ్బ వేసి దాని మీద నాటాలి. ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన రాతి ముక్కలు) మూడంగుళాల మందాన పరిచి పై ఆరేడు అంగుళాల మట్టిలో కలిపితే బంక విడుతుంది. ఇంటి నుంచి వాన నీరు పారే వాలుకు దిబ్బ అడ్డం పడకూడదు, లేకపోతే ఫౌండేషన్‌కు చేటు.

నాటడం

ఓక్ లాంటి చెట్లకు ఇక్కడ శరదృతువు మంచిదంటారు. పామ్‌కు అది సరిగ్గా తప్పు కాలం. దీని వేళ్లు వెచ్చటి మట్టిలోనే పెరుగుతాయి. ఏప్రిల్ చివరి నుంచి జూలై లోపు నాటితే చలి వచ్చేసరికి నిలదొక్కుకుంటుంది.

ముందు రోజు కుండీకి బాగా నీళ్లు పెట్టండి. వేళ్ల ముద్దకు రెండింతల వెడల్పు గుంత తీయాలి. లోతు మాత్రం ముద్ద ఎత్తు కన్నా ఒకటి రెండు అంగుళాలు తక్కువే. మానును పట్టుకు ఎత్తకుండా ముద్ద కింద చేతులు వేసి దించండి. వేళ్లు విడదీయవద్దు, కత్తిరించవద్దు. తవ్విన మట్టినే తిరిగి నింపాలి. కంపోస్టు దండిగా కలిపితే బంకమట్టి మధ్యలో ఆ గుంతలోనే నీరు నిలిచిపోతుంది. సగం నింపాక నీళ్లు పోసి, మట్టి దిగాక మిగతాది నింపండి. పైన కుండీలో ఎంత మేర మట్టి ఉందో అంతకు మించి ఒక్క అంగుళం కూడా మాను మీదికి రాకూడదు. లోతుగా పాతిన పామ్ ఏడాది రెండేళ్లు బాగానే ఉన్నట్టు కనబడి తర్వాత క్షీణిస్తుంది, అప్పటికి కారణం ఎవరికీ తట్టదు.

చుట్టూ మూడంగుళాల ఎత్తు పాదు కట్టి, లోపల మూడంగుళాల మల్చ్ వేయాలి, మానుకు నాలుగు వేళ్ల దూరం వదిలి. పాదులోకి గడ్డి రానివ్వకండి. స్ట్రింగ్ ట్రిమ్మర్ తీగ మానుకు తగిలితే ఆ గాయం జన్మలో పూడదు. ఊతకర్రలు కావాలంటే తాడుతో కట్టాలి, మేకు కొట్టకూడదు.

పదిహేను గ్యాలన్ల చెట్టుకు మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు ఐదు గ్యాలన్లు, తర్వాత సెప్టెంబరు దాకా వారానికి రెండుసార్లు పోయాలి. నాలుగంగుళాల లోపల వేలికి తడి తగిలితే ఆ రోజు ఆపండి. స్ప్రింక్లర్ నీరు మొవ్వులో పడకుండా డ్రిప్ గానీ బబ్లర్ గానీ పెట్టండి.

అందానికి: మూడు విండ్‌మిల్‌లు వేరు వేరు ఎత్తులవి, మూడు, ఐదు, ఎనిమిది అడుగులవి, ఐదారడుగుల ఎడంలో పెట్టి, ముందు సబల్ మైనర్, దాని ముందు రోజ్‌మేరీ, లాంటానా వేస్తే చాలు. వరసగా సైనికుల్లా నిలబెట్టినవాటిలో ఒకటి పోతే మొత్తం పాడవుతుంది.

ఎరువు

లాన్‌కు వేసే ఎరువు పామ్‌కు హాని. నత్రజని ఎక్కువై పొటాషియం లోటు ముదురుతుంది, కలుపుమందు కలిపిన రకమైతే ఇంకా ప్రమాదం. 8-2-12 (నత్రజని, ఫాస్ఫేట్, పొటాష్ శాతాలు), నాలుగు శాతం మెగ్నీషియం ఉన్న, నెమ్మదిగా కరిగే పామ్ ఎరువు కొనాలి. ఆకుల నీడ పడే ప్రతి వంద చదరపు అడుగులకు ఒకటిన్నర పౌండు. ఎనిమిది అడుగుల విస్తారమున్న విండ్‌మిల్‌కు ముప్పావు పౌండు అవుతుంది. ఏప్రిల్, జూన్, ఆగస్టుల్లో చల్లి నీళ్లు పెట్టండి. కొత్తగా నాటినదానికి ఆరు వారాలు ఆగండి.

ముదురాకుల మీద పసుపు-నారింజ చుక్కలు, కొసలు ఎండడం పొటాషియం లోటు. ఆ ఆకులను కోస్తే పొటాషియం కోసం చెట్టు పై ఆకులను పీల్చడం మొదలుపెడుతుంది, పూర్తిగా ఎండేదాకా వదిలేయండి. లేతాకులు పాలిపోతే ఇనుము లోటు: క్షార మట్టిలో ఈడీడీహెచ్‌ఏ రకం ఇనుమే పనిచేస్తుంది. లేతాకులు చిన్నగా, చిట్లి మాడినట్టు వస్తే మాంగనీస్ లోటు.

గడ్డకట్టే రాత్రికి ముందు

15 డిగ్రీల కన్నా దిగుతుందని హెచ్చరిక వస్తే ముందు రోజు పాదుకు నీళ్లు పెట్టండి, మొవ్వులో మాత్రం చుక్క పడకూడదు. మల్చ్ ఆరంగుళాలకు పెంచండి. ఆకులను మెల్లగా పైకి కూడగట్టి మెత్తటి తాడుతో కట్టి, మొవ్వు చుట్టూ, మాను పైభాగం చుట్టూ పాతరకం ఇన్‌క్యాండిసెంట్ సీ9 క్రిస్మస్ బల్బుల దండ చుట్టాలి. ఎల్‌ఈడీ దండలో వేడి ఉండదు, దానితో ఉపయోగం లేదు. ఒక్కో బల్బు 7 వాట్లు, పాతిక బల్బుల దండ 175 వాట్లు. విండ్‌మిల్ పీచు ఎండుగా ఉంటే అంటుకుంటుంది కాబట్టి బల్బులు పీచులోకి దూరకుండా చూడండి. పైన ఫ్రాస్ట్ క్లాత్ రెండు పొరలు, వాన కూడా ఉంటే ఆకులకు తగలకుండా బయట ఒక టార్ప్. జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే) ప్లగ్గుకు 35 డిగ్రీల దగ్గర ఆన్ అయ్యే థెర్మోస్టాట్ ప్లగ్గు తగిలిస్తే రాత్రి లేవనక్కర్లేదు. 2021లో కరెంటు పోయింది, దండలూ ఆరిపోయాయి. అందుకే గుడ్డ పొరలు తగ్గించకండి. 32 దాటిన వెంటనే విప్పేయాలి, ఎండలో టార్ప్ కింద చెట్టు ఉడికిపోతుంది.

చలి దెబ్బ తగిలాక

గోధుమరంగు ఆకులను తొందరపడి నరకవద్దు, చలి పూర్తిగా పోయేదాకా అవే మొవ్వుకు కాపు. మార్చి మధ్యలో మొవ్వు ఆకును పట్టుకుని మెల్లగా లాగి చూడండి. గట్టిగా ఉంటే సరే. చేతికి ఊడివస్తే, మొదలు కుళ్లి వాసన వస్తుంటే మొవ్వు కుళ్లు మొదలైనట్టు. కుళ్లిన భాగం తుడిచేసి, కాపర్ శిలీంద్రనాశిని డబ్బా మీద చెప్పిన మోతాదులో మొవ్వులో పోసి, పది రోజులకు మరోసారి పోయండి. అంతకు మించి వద్దు, రాగి పేరుకుంటే అదీ విషమే.

తర్వాత ఆగస్టు దాకా గొడ్డలి తీయకండి. కొత్త మొవ్వు మే, జూన్లలో కూడా వస్తుంది, మొదటి రెండు ఆకులు వంకరగా, కొసలు తెగినట్టు వచ్చినా ఫరవాలేదు. మాను పైభాగం నొక్కితే లోపలికి దిగుతుంటే విండ్‌మిల్, సబల్, పిండోలకు ఇక ఆశ లేదు, ఒక్క మొవ్వు పోతే వాటికి పిలక రాదు. మెడిటరేనియన్ ఫ్యాన్ పామ్, నీడిల్ పామ్ అలా కావు. పెద్ద మాను పోయినా దుబ్బు మొదట్లో పిలకలు వేస్తాయి కాబట్టి చచ్చిన మానును నేల మట్టానికి కోసి, దుబ్బును కదపకుండా వదిలేయండి.