బదులు టీచరు పాఠాలు – 3: ప్రశ్న అడిగాక ఆగడం

క్లాసులోకి వెళ్లగానే ముందు బోర్డు మీద చిన్న పని రాసిపెట్టి, ఆ తర్వాత హాజరు తీసుకోవడం పోయిన భాగంలో నేర్చుకున్నాం. అది ఇంకా చేతికి రాకపోతే మరో రెండు పీరియడ్లు అదే చేయండి, తొందరేం లేదు.

నా మూడో సబ్‌స్టిట్యూట్ పీరియడ్ ఏడో తరగతి లెక్కలు. "3/4 పెద్దదా, 2/3 పెద్దదా?" అని అడిగాను. ఒక్కరూ పలకలేదు. ఆ నిశ్శబ్దానికి నాకు టెన్షన్ వచ్చి జవాబు నేనే చెప్పేశాను. ఇక పీరియడంతా అదే తంతు. కాసేపు ఊరుకుంటే సారే చెప్పేస్తాడని పది నిమిషాల్లో పిల్లలు పసిగట్టేశారు. అసలు టీచర్ వచ్చేదాకా నెట్టుకొస్తే చాలనుకునేవాడికి ఈ పద్ధతి హాయిగానే ఉంటుంది లెండి.

ఈ జబ్బు కొత్తవాళ్లదే కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు తరగతుల టేపులు విని, 1970ల్లో ఈ సంగతి బయటపెట్టారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అసలు జవాబే రాకపోవడం తగ్గింది. పిల్లవాడు చెప్పడం ఆపాక కూడా అంతసేపు ఆగాలన్నది ఆమె మాటే. మనం మర్చిపోయేది ఇదే. వాడి నోట్లో మాట ఉండగానే "వెరీగుడ్" అనేస్తాం.

మనసులో లెక్కపెడితే కంగారులో మూడు అంకెలూ ఒక్క సెకనులో అయిపోతాయి. నేనైతే బూటు లోపల బొటనవేలిని మూడుసార్లు నెమ్మదిగా నొక్కుతాను. ఎవరికీ కనబడదు. పేరు పిలవడం ఆ తర్వాతే. ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ఎక్కాల్లాంటివాటికి మాత్రం ఇంత ఆగక్కర్లేదు.

తర్వాతి వారం ఇంకో సెక్షన్‌లో అదే ప్రశ్న వేశాను. వేలు మూడుసార్లు నొక్కాను. చివరి బెంచీ అమ్మాయి "3/4 సార్" అని ఆగింది. నేనూ ఆగాను. "దానికి ఒకటి కావడానికి పావే తక్కువ. రెండోదానికి మూడోవంతు తక్కువ కదా" అంది. మొదటి సెక్షన్‌లో నేను భిన్నాలకు సమాన హారాలు చేసి బోర్డు నింపానే తప్ప, ఈ దారి నాకు తట్టనే లేదు.

ఈ వారం ఒక పీరియడ్‌లో మూడే ప్రశ్నలు వేసి, ప్రతిదానికీ రెండుచోట్లా ఆగండి. జవాబులు విన్నవి విన్నట్టు రాసి ఉంచండి. వాటిలో తప్పు జవాబులతో వచ్చే భాగంలో పని ఉంది.